ఆయాసం ఉంటే గుండె మాత్ర వద్దన్న మాట ఎక్కడిది?

గుండెపోటు వచ్చి, విశాఖ ఆస్పత్రి నుంచి పర్లాకిమిడి ఇంటికొచ్చి పది రోజులైంది మా పెద్దమ్మ. గుండెకి రాసిచ్చిన మెటోప్రొలాల్ మాత్రల షీటు తీసి చూస్తే మూడు మాత్రలే వాడినట్టుంది. "ఆయాసం ఉన్నోళ్లు ఇది వేసుకోకూడదమ్మా" అన్నాడట మందుల షాపతను. అంతే, మానేసింది. ఆమెకి ఎన్నో ఏళ్లుగా సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలపు జబ్బు. చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి, దానికి తోడు నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ.

షాపతను కావాలని తప్పు చెప్పలేదు. ఆ మాటకి అరవై ఏళ్ల వెనక ఒక కారణం ఉంది.

గుండెనొప్పి రోగుల్లో గుండె తొందర తగ్గించడానికి బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్, మెటోప్రొలాల్ కుటుంబానికే చెందిన ప్రొప్రనోలాల్ అనే మందుని రూపొందించారు. అది 1960ల మధ్యలో వాడుకలోకి వచ్చింది, ఆయనకి 1988లో నోబెల్ తెచ్చింది. గుండెని పరుగెత్తించే అడ్రినలినే ఊపిరి గొట్టాల్ని తెరిచి ఉంచుతుంది. ప్రొప్రనోలాల్ రెండుచోట్లా దానికి అడ్డుపడింది. ఆస్తమా రోగులకి దీంతో ఊపిరి బిగుసుకుంటోందని 1964లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ భయం న్యాయమైనదే.

ఒంట్లో అడ్రినలిన్ వచ్చి అతుక్కునే చోట్లని బీటా గ్రాహకాలంటారు. 1967లో వీటిని రెండు రకాలుగా విడదీశారు. గుండెలో ఎక్కువగా ఉండేది ఒకటి, గొట్టాల్లో ఉండేది ఇంకొకటి. తర్వాత వచ్చిన ఎటెనోలాల్, మెటోప్రొలాల్, బైసొప్రొలాల్ చాలావరకు గుండె మీదే పనిచేస్తాయి. డోసు పెరిగితే ఆ తేడా తగ్గుతుంది, అది నిజం. కానీ ప్రొప్రనోలాల్ మీద పుట్టిన భయం ఈ మందుల కుటుంబం మొత్తానికే అంటుకుపోయింది. మన భాషలోనూ చిక్కుంది. ఆస్తమా అయినా, సీఓపీడీ అయినా, చివరికి గుండె బలహీనమైనా మనం అనేది "ఆయాసం" అనే.

1998లో అమెరికాలో గుండెపోటు వచ్చిన రెండు లక్షల మంది రికార్డులు చూశారు. సీఓపీడీ ఉన్నవాళ్లలోనూ ఈ మందులు అందినవారిలో మరణాలు 40 శాతం తక్కువ. రికార్డుల లెక్క కాబట్టి అదొక్కటే రుజువు కాదు. అయినా గుండెకి అవసరం ఉన్నప్పుడు సీఓపీడీ ఉందని మానొద్దన్న మాట అక్కణ్ణుంచే బలపడింది.

మరి ఊపిరితిత్తులకీ మేలు చేస్తుందా? 2019లో, గుండెకి ఈ మందు అవసరం లేని 532 మంది సీఓపీడీ రోగుల మీద మెటోప్రొలాల్ పరీక్షిస్తే మేలు కనబడలేదు. పైగా ఆస్పత్రిలో చేరాల్సినంతగా జబ్బు ముదరడం ఎక్కువైంది, పరీక్ష ముందే ఆపేశారు. 2024లో బ్రిటన్‌లో బైసొప్రొలాల్‌తో చూస్తే జబ్బు ముదరడం తగ్గలేదు, ఊపిరికి అదనపు హానీ కనబడలేదు.

మా వైపు చిక్కేమిటంటే, ఊపిరి చీటీ బరంపురంలో, గుండె చీటీ విశాఖలో. రెండూ ఒక డాక్టరు ముందు పడవు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఈ మాత్ర ఒక్కసారిగా మానడం అసలే ప్రమాదం. మేం కంగారుగా ఫోన్ చేస్తే గుండె డాక్టరు అన్ని చీటీలూ, ఇంట్లో ఉన్న ప్రతి మందూ పట్టుకుని రమ్మన్నారు. పాతపట్నం మీదుగా బస్సులో వెళ్లాం.

ఆయన మెటోప్రొలాల్ పక్కన పెట్టి, సంచి అడుగున ఉన్న చిన్న సీసా తీశారు. నీటికాసులకి పెద్దమ్మ వేసుకునే కంటి చుక్కలు, టిమోలాల్. ప్రొప్రనోలాల్‌లాగే అదీ రెండుచోట్లా అడ్డుపడేదే, కంట్లో వేసినా ఒంట్లోకి పోతుంది. కంటి డాక్టరుకి ఫోన్ చేసి చుక్కలు మార్పించారు. మెటోప్రొలాల్ తక్కువ డోసుతో ఆ రాత్రే మళ్లీ మొదలైంది.