డ్యూటీ లిస్టులో స్టూడెంటు పేరు ఎందుకుంది?

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, రెండో ఏడాదిలో ఉండగా జరిగింది. ఊరి పేరు చెప్పను, కాలవ గట్టునే ఉండే ఆసుపత్రి అనుకోండి చాలు. మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ, 32 మంది పేషెంట్లు, ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు స్టూడెంట్లం. ఆ స్టాఫ్ అక్కకి పక్క వార్డు కూడా అప్పజెప్పారు, అక్కడెవరికో ఆయాసం ఎక్కువై రాత్రి భోజనాల వేళకే ఆవిడ అటు పోయింది. మూలనున్న బెడ్డు మీద షుగర్ పేషెంటు, కోనసీమ పెద్దాయన. కొడుకు కువైట్‌లో ఉంటాడు, తెలిసినవాళ్లతో ఫ్లాస్కులో ఐసు పెట్టి ఇన్సులిన్ పంపాడు. ఆ సీసానే వాడమన్నారు, కేస్ షీటులో 20 యూనిట్లని రాసుంది. ట్రేలో ఉన్న ఎర్ర మూత సిరంజి తీసి, 20 గీత దాకా లాగి, చేసేశాను. చేతులు వణకలేదు కూడా, అప్పటికి ఇన్సులిన్ నాకు అలవాటైన పనే.

మన మందుల షాపుల్లో మామూలుగా అమ్మే సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. గల్ఫ్ నుంచి వచ్చిన ఆ సీసాలో మిల్లీలీటరుకి 100, దానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. ఆ సీసాలోంచి అర మిల్లీలీటరు లాగితే 50 యూనిట్లు. అర్ధరాత్రి దాటాక ఆయన భార్య వచ్చి "అమ్మాయ్, ఈయనకి వొళ్లంతా చెమటలు పట్టేత్తన్నాయి, మాటాడితే పలకట్లేదు, ఓసారి చూడు" అంది. అక్కని పరుగున పిలుచుకొచ్చాను. ఆవిడ షుగర్ చూసి, బాగా పడిపోయిందని 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించింది. పెద్దాయన తెల్లారేసరికి లేచి కాఫీ అడిగాడు. బతికిపోయాం, ఆయనా నేనూ.

ఇంతవరకైతే ప్రతి నర్సు దగ్గరా ఇలాంటిది ఒకటుంటుంది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది తర్వాతి వారం జరిగింది. నేర్చుకున్న ప్రతి పనికీ సంతకం పెట్టించుకునే నా లాగ్ బుక్కులో 'ఇన్సులిన్ ఇవ్వడం, పర్యవేక్షణలో' అనే గడి ఎదురుగా, ఆ రాత్రి ఆసుపత్రి ఛాయలకి కూడా రాని ట్యూటర్ మేడమ్ సంతకం పెట్టేసింది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. నాతో పాటు ఇంకో ఇరవై బుక్కులు ముందేసుకుని వరసగా పెడుతోంది, అంతే.

ఇప్పుడు నేనూ ట్యూటర్నే. స్టూడెంట్లకి వార్డులో స్వేచ్ఛ ఎంతివ్వాలి, ఎంత దగ్గరుండి చూడాలి అనే వాదన ప్రతి ఏడాదీ మళ్లీ కొత్తగా మొదలవుతుంటుంది. "ఈ కాలం పిల్లలకి ఏమీ చేతకాదు, మా రోజుల్లో మొదటేడాదే అన్నీ చేసేవాళ్లం" అని సీనియర్లు. "మమ్మల్ని ముట్టుకోనివ్వరు, ముట్టుకుంటే ఒంటరిగా వదిలేస్తారు" అని పిల్లలు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఇలా ఎందుకైందో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద నర్సుల బడి పెట్టినప్పుడు, నేర్చుకునేవాళ్లని ప్రొబేషనర్లు అన్నారు. అక్కడే హాస్టల్, అక్కడే పని, వార్డు సిస్టర్ చేతికింద ఏడాది శిక్షణ. ప్రతి ప్రొబేషనర్ మీదా నెలనెలా ఒక షీటు నింపేవారు. గుణం ఎలాంటిది, కట్టు కట్టడం వచ్చా, ఎనీమా ఇవ్వడం వచ్చా, ఇలా గడులు. మన లాగ్ బుక్కుకి తాతమ్మ అన్నమాట. కానీ పదేళ్లు తిరిగి 1871-72లో నైటింగేల్ ఆరా తీస్తే తేలిందేంటంటే, పాఠాలు చెప్పాల్సిన డాక్టరు చెప్పడం మానేశాడు, ప్రొబేషనర్లని వార్డులు అదనపు చేతులుగా వాడేసుకుంటున్నాయి. అంటే ఈ జబ్బు మొదటి బడిలోనే పుట్టింది, మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు.

అమెరికాలో నర్సింగ్ చదువు మీద 1923లో వచ్చిన గోల్డ్‌మార్క్ నివేదిక ఇదే మాట అంది, ఆసుపత్రి పని అవసరం ముందుకొస్తే చదువు ఎప్పుడూ వెనక్కే పోతోందని. దానికి మందుగా నర్సింగ్ చదువుని ఆసుపత్రి జేబులోంచి తీసి యూనివర్సిటీలో పెట్టాలన్నారు. ఇంగ్లండ్ వాళ్లకి మాత్రం ఇంకా అరవై ఏళ్లు పట్టింది. 1986లో ప్రాజెక్ట్ 2000 అనే ప్రతిపాదన వచ్చింది, అందులో నాకు ముఖ్యమనిపించే ముక్క ఒక్కటే: స్టూడెంటుని వార్డు సిబ్బంది లెక్కలో వెయ్యకూడదు. వార్డుకి ఆరుగురు నర్సులు కావాలంటే ఆరుగురు ఉండాలి, స్టూడెంట్లు ఆ ఆరుగురికి పైన. స్టూడెంటు రాకపోయినా వార్డు నడవాలి.

మన వైపు కథ వేరు. ఈ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో నర్సుల శిక్షణంటే మద్రాసు, లేకపోతే మిషన్ ఆసుపత్రులు. 1836లోనే బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఈ వైపుకి వచ్చారు, తర్వాత గోదావరి డెల్టాలో నర్సాపురం వైపు స్థిరపడ్డారు, ధవళేశ్వరం ఆనకట్టకి ఇంకా రాయి పడకముందు. ఆసుపత్రులు ఆ తర్వాత వచ్చాయి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది. రాజమండ్రిలో లూథరన్ మిషన్, కాకినాడ, పిఠాపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు వైద్యం నడిపారు. కులం పట్టింపుల వల్ల, పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తే పనన్న చిన్నచూపు వల్ల, ఆ రోజుల్లో అమ్మాయిని నర్సింగ్‌కి పంపడానికి జంకేవారు. వచ్చినవాళ్లలో మిషన్ బోర్డింగ్ స్కూళ్లలో చదివినవాళ్లూ, భర్త పోయినవాళ్లూ ఉండేవారు. తర్వాత తర్వాత వార్డుల్లో మలయాళీ సిస్టర్ల గొంతు బాగా వినిపించేది, మా పెద్దవాళ్లు ఇప్పటికీ నర్సంటే ముందు ఆ యాసనే అనుకరిస్తారు.

ఆ పాత పద్ధతి మంచిదనీ అనను, చెడ్డదనీ అనను. నర్సులందరి మీదా పెద్దైన మేట్రన్ అదే కాంపౌండులో ఉండేది, రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని వార్డులోకి వచ్చినా ఆశ్చర్యం లేదు. స్టూడెంటు ఎక్కడ ఏం చేస్తోందో ఆవిడకి తెలిసేది, ఎందుకంటే ఆసుపత్రి చిన్నది, మనుషులు తక్కువ. పర్యవేక్షణ అనే మాట లేకపోయినా పర్యవేక్షణ ఉండేది. బదులుగా ఆ అమ్మాయి మూడేళ్లూ ఆసుపత్రి మనిషే, బెడ్డు పరుపు మార్చడం నుంచి బెడ్‌పాన్లు కడగడం దాకా. చదువుకి ఫీజు పని రూపంలో కట్టించుకున్నారనుకోవాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ మూలాలు అక్కడే. 1946లో దేశంలో వైద్యం పరిస్థితి చూసిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తానికి 7,000 మంది నర్సులు తేలారు, దాదాపు 43,000 మందికి ఒకరు. అదే ఏడాది ఢిల్లీలో, వెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947 చివర్లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం. 43,000 మందికి ఒక నర్సున్న దేశంలో స్టూడెంటుని సిబ్బంది లెక్కలోంచి తీసెయ్యండి అని ఎవరంటారు చెప్పండి? అన్నా ఎవరు వింటారు? కొరత ఎంత పెద్దదంటే, పనిచేసే రెండు చేతులుంటే చాలు, ఆ చేతులు నేర్చుకున్నవా నేర్చుకుంటున్నవా అని అడిగే తీరిక లేదు. ఆ అలవాటు కొరత తగ్గాక కూడా పోలేదు.

2000 తర్వాత మన వైపు ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది, గల్ఫ్‌లో ఉద్యోగమనే ఆశ ముందు నుంచీ ఉంది, మా వైపు రొయ్యల చెరువుల్లో కూలికెళ్లే ఇళ్లలోంచి కూడా పిల్లలు నర్సింగ్‌లో చేరారు. నిజంగా మంచి మార్పు, నేను అలాగే చేరాను. కానీ కాలేజీ పెరిగినంత తొందరగా బెడ్లు పెరగవు కదా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం కాలేజీకి కనీసం 100 బెడ్ల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక స్టూడెంటుకి ముగ్గురు పేషెంట్ల చొప్పున దొరకాలి, వార్డులో పదిమంది స్టూడెంట్లకి ఒక టీచరుండాలి. సొంత ఆసుపత్రి సరిపోని కాలేజీలు బస్సెక్కించి పిల్లల్ని పెద్ద ప్రభుత్వాసుపత్రులకి పంపుతాయి. ఒకే వార్డుకి మూడు నాలుగు కాలేజీల యూనిఫారాలు వస్తాయి.

ఉదయం తొమ్మిదింటికి అలాంటి వార్డులో నిలబడి చూడండి. ఒక ముసలామె చుట్టూ తొమ్మిది మంది పిల్లలు, చేతిలో నోట్ పుస్తకాలు. ఒకమ్మాయి బీపీ చూస్తుంది, మిగతా ఎనిమిది మంది ఆ అంకె రాసుకుంటారు. ముసలామె విసుక్కుని "ఎన్నిసార్లు పిండుతారే నా చెయ్యి, ఆ పెద్ద సిస్టర్‌ని పిలండే" అంటుంది. మధ్యాహ్నం బస్సు తిరిగెళ్లిపోతుంది. అదే కాలేజీ సొంత ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ లిస్టు తీస్తే, ఈ తొమ్మిది మందిలో ఒకమ్మాయి పేరు ఒక్కటే వార్డు ఎదురుగా కనిపిస్తుంది. పగలు ఒక పేషెంటుకి తొమ్మిది మంది, రాత్రి ముప్ఫై మందికి ఒక్కతి. పిల్లలు చేతకానివాళ్లని సీనియర్లనేది ఆ పగలు చూసి, వదిలేస్తున్నారని పిల్లలనేది ఆ రాత్రి చూసి.

పదిమందికి ఒక టీచరన్న లెక్క కాగితం మీద బానే ఉంది. కానీ ఆ పదిమంది నాలుగు వార్డుల్లో, మూడు షిఫ్టుల్లో ఉంటారు. నేను ఆర్థో వార్డులో కట్టు చూపిస్తుంటే పిల్లల వార్డులో ఏం జరుగుతుందో నాకు తెలీదు. సాయంత్రం ఐదు తర్వాత నేను ఇంటికెళ్తాను. ఆ తర్వాత స్టూడెంటుకి ఉన్న పర్యవేక్షణ అంతా ఆ స్టాఫ్ నర్సే, ఆవిడకి నేర్పడానికి జీతంలో ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు, నేర్పడం ఎలాగో ఎవరూ చెప్పరు, నేర్పినంతసేపు ఆవిడ పని ఎవరూ చెయ్యరు. రిజిస్ట్రేషన్ లేని స్టూడెంటు చేసిన పనికి జవాబు చెప్పాల్సింది ఆవిడే, ఆసుపత్రే. అందుకే కొందరు స్టాఫ్ దేన్నీ ముట్టుకోనివ్వరు, ఇంకొందరు అన్నీ వదిలేస్తారు. రెండూ భయం వల్లే, నాకైతే అలాగే అనిపిస్తుంది.

స్వతంత్రంగా చెయ్యడం అనేది ఒకే ఒక్క మెట్టు కాదని అమెరికా నర్సు పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పింది. కొత్తగా వచ్చిన మనిషి నుంచి ఆరితేరిన మనిషి దాకా ఐదు దశలు పెట్టింది. మొదటి దశలో ఉన్నవాళ్లు నియమం ప్రకారమే చేస్తారు, వాళ్ల కళ్లకి పరిస్థితి ఇంకా కనపడదు. నా సంగతే చూడండి, '20 యూనిట్లు' నాకు కనపడింది, సీసా మీది '100' కనపడలేదు. సిరంజిలో మందు లాగడం నాకు బాగా వచ్చు. ఆ పని వరకు నేను స్వతంత్రురాలినే. సీసా వేరే దేశానిదైతే ఏం చూడాలో తెలియడం వేరే పని, అందులో నేను మొదటి రోజు స్టూడెంటుని. ఒకే మనిషి ఒకే రాత్రి రెండూ అవుతుంది. 'ఈ అమ్మాయి థర్డ్ ఇయర్, వదిలెయ్యొచ్చు' అనే లెక్క అందుకే తప్పుతుంది.

మళ్లీ ఇంగ్లండ్ దగ్గరికి వెళ్తే, స్టూడెంటుని సిబ్బంది లెక్కలోంచి తీసేశాక అక్కడ ఇంకో గొడవ మొదలైంది, బయటికొచ్చే పిల్లలకి చేతి పని రావట్లేదని. 1999లో దాని మీద ఒక కమిషనే నివేదిక ఇచ్చింది. 2018లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఇంకో మార్పు చేసింది: వార్డులో పక్కనుండి నేర్పే మనిషి వేరు, పాసా ఫెయిలా అని తేల్చే మనిషి వేరు. వినడానికి చిన్నదే, కానీ నేర్పిన అక్కే మార్కులేస్తే మొహమాటం వస్తుంది, మన దగ్గరైతే ఆ మొహమాటం గురించి వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర 2020 బీఎస్సీ నిబంధనలతో సెమిస్టర్లొచ్చాయి, ఏ పని ఎప్పటికి రావాలో జాబితాలొచ్చాయి, బొమ్మల మీద ముందు సాధన చేయించే సిమ్యులేషన్ ల్యాబులొచ్చాయి. పాత 1947 చట్టం స్థానంలో పెట్టడానికి 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. జాబితాలు మంచివే. కానీ రాత్రి ఎనిమిదింటి డ్యూటీ లిస్టులో స్టూడెంటు పేరు సిబ్బంది కింద రాయకూడదు, రాస్తే ఫలానా జరుగుతుంది అని గట్టిగా పట్టుకునేవాళ్లు కావాలి. అది పట్టుకోనంత కాలం బొమ్మ చేతి నరానికి ఎన్ని సెలైన్ సూదులు పెట్టించినా నా గొడవ తీరదు.

ఈ మధ్య నేను చేసేది చిన్న పని. కొత్త బ్యాచ్‌కి మొదటి పోస్టింగు రోజున ఎర్ర మూత సిరంజి ఒకటి, నారింజ మూత సిరంజి ఒకటి చేతిలో పెట్టి, రెండు రకాల సీసాలిచ్చి, 20 యూనిట్లు లాగమంటాను. ఏమీ చెప్పకుండా. పోయినసారి పన్నెండు మందిలో ఒకమ్మాయి మాత్రం సీసా తిప్పి అంకె చదివి, నా మొహం చూసి, "మేడమ్, ఈ సిరంజి దీనికి కాదు కదండీ?" అంది. మిగతా పదకొండు మందీ అప్పటికే లాగేశారు. ఆ రోజు సాయంత్రం బస్సులో పుస్తకాల కట్ట నా ఒళ్లో పెట్టి, లీడరు పిల్ల "మేడమ్, సంతకాలు ఇప్పుడే పెట్టేస్తారా, రేపు హెచ్ఓడీ మేడమ్ అడుగుతారట" అంది. పన్నెండు బుక్కుల్లో ఒకదానికి పెట్టాను.