పిడుదులు, పెరుగన్నం, ఎండాకాలం: కుక్కల పెంపకంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: పిడుదులు పడితే వేపాకు నీళ్లతో నాలుగు స్నానాలు చేయిస్తే పోతాయి.

హైదరాబాద్‌లో పెంపుడు కుక్క తిండి మానేసి మూలన పడుకుందంటే ముందుగా అనుమానించాల్సినవాటిలో పిడుదు కాటుతో సోకే టిక్ ఫీవర్ ఒకటి. అందుకే దీంతో మొదలుపెట్టాం.

వాస్తవం: మన ఇళ్లలో కనిపించే గోధుమరంగు పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క ఒంటి మీద ఉండదు. గుడ్డులోంచి వచ్చింది మొదలు మళ్లీ గుడ్లు పెట్టేదాకా మూడుసార్లు కుక్కనెక్కి రక్తం తాగుతుంది, మూడుసార్లూ దిగిపోతుంది. తాగి తాగి ఆముదం గింజలా ఉబ్బిన ఆడపిడుదు గోడ పట్టుకుని పైకి పాకుతుంది. తలుపు ఫ్రేము వెనకో, స్విచ్‌బోర్డు సందులోనో, టైల్స్ పగుల్లోనో 4,000 దాకా గుడ్లు పెట్టి చస్తుంది. మీరు స్నానం చేయించేది కుక్కకు, గోడకు కాదు కదా! పైగా తిండి లేకుండా నెలల తరబడి ఓపిగ్గా కాచుకుని ఉండగలదీ జీవి.

కాబట్టి రెండు వైపులా పని చేయాలి. కుక్క బరువు తూచి, డాక్టరు రాసిన నమిలే మాత్ర వేయండి. ఫ్లూరలానర్ అయితే ఒక డోసు 12 వారాలు, అఫాక్సొలానర్, సారొలానర్ అయితే నెల పనిచేస్తాయి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ఇంట్లో పరుపులు, పరదాలు వేడినీళ్లలో ఉతికి, పగుళ్లు సిమెంటుతోనో సీలెంటుతోనో పూడ్చి, పెస్ట్ కంట్రోల్‌ను ఒక్కసారితో ఆపకుండా రెండు మూడు నెలలు కొనసాగించండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే స్ప్రే చేసేవాళ్లకు ఆ మాట చెప్పాల్సిందే, ఆ స్ప్రేల్లో వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం.

కంటపడ్డ పిడుదును చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. వేళ్లతో నలపొద్దు. కిరోసిన్ పూయడం మరీ ఘోరం. చర్మం కాలుతుంది, కుక్క దాన్ని నాకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెతకాల్సింది వీపు మీద కాదు. కాలివేళ్ల మధ్య, చెవి లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో చూడండి.

అపోహ: టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి బొప్పాయి ఆకు రసం పడితే చాలు.

వాస్తవం: ఆ రసానికి టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీషియా అనే బ్యాక్టీరియా చావదు. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఎర్లీషియా అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు, తిండితో పాటే వేయాలి, లేకపోతే వాంతి చేసుకుంటుంది. తంటా వచ్చేది నాలుగో రోజున. కుక్క తోకూపుతూ గిన్నె నాకేస్తుంది, ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తారు. మిగిలిన క్రిమి నెలల తర్వాత ఎముక మజ్జ మీద పడిందంటే లొంగడం కష్టం. మూత్రం కాఫీ రంగులో వస్తే పిడుదులే తెచ్చే మరో క్రిమి బెబీసియాను అనుమానించాలి, దానికి మందులు వేరు.

అపోహ: ఒళ్లు కాలిపోతోంది, మనం వేసుకునే జ్వరం మాత్రలో ముక్క వేద్దాం.

వాస్తవం: కుక్క ఒంటివేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. మలద్వారంలో పెట్టే థర్మామీటర్ 103 దాటిందంటేనే జ్వరం. ఇక లెక్క చూడండి: 650 మి.గ్రా. పారాసెటమాల్ మాత్ర ఒకటి 5 కిలోల పమేరియన్‌కు వేస్తే కిలోకు 130 మి.గ్రా. పడినట్టు. కిలోకు 75 - 100 మి.గ్రా. దాటితే చాలు, కాలేయానికి ముప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా చేటు, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అపోహ: బిర్యానీలో మిగిలిన ఎముకలు కుక్కకే కదా!

వాస్తవం: ఉడికిన ఎముక పెళుసెక్కి సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. దాంతో పాటు వెళ్లే వేయించిన ఉల్లిపాయ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. వేయించినా ఉడికించినా ఆ గుణం పోదు. లక్షణాలు మూడు నాలుగు రోజులకు గానీ బయటపడకపోవడంతో ఆదివారం తిన్న బిర్యానీ ఎవరికీ గుర్తుండదు.

పెరుగన్నం విషం కాదు, కానీ రోజూ అదొక్కటే అయితే మాంసకృత్తులు చాలవు. మాంసం వండని ఇళ్లలో గుడ్డుకైనా ఒప్పుకుంటే మేలు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు పప్పీ ఫుడ్ పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయకండి, ఎదిగే కాళ్ల ఎముకలు వంకర తిరుగుతాయి.

అపోహ: ఎండాకాలం వస్తోంది, బొచ్చు గొరిగించేయాలి.

వాస్తవం: హస్కీ, పమేరియన్, గోల్డెన్ రిట్రీవర్‌లకు ఉండే రెండు పొరల బొచ్చు ఎండ వేడిని కూడా ఆపుతుంది. దువ్వి లోపలి రాలు బొచ్చు తీసేస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో నడక తెల్లారకముందో, రాత్రి రోడ్డు చల్లారాకో పెట్టుకోండి. అరచేతి వెనక భాగం తారు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కా నడవలేదు. పగ్ లాంటి చప్పిడి ముక్కువాటికి ఇంకా ముందే వడదెబ్బ తగులుతుంది. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగి, జిగట జొల్లు కారుస్తుంటే నీళ్లు పోసి ఫ్యాను కింద పడుకోబెట్టండి. ఐసు కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోవద్దు. అన్నట్టు, మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటాయి, బిందెలో పట్టి ఉంచిన నీళ్లు వాడండి. ఒంటివేడి 103కి దిగగానే నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి.

అపోహ: ఫ్లాట్ దాటి బయటికే పోదు, టీకాలు ఎందుకు?

వాస్తవం: కుక్కపిల్లలకు వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మీ చెప్పులకంటుకుని వస్తుంది. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, ఒక పాలు బ్లీచ్‌కు 30 పాళ్ల నీళ్లు కలిపి తుడవాలి. 6 - 8 వారాల వయసులో మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండేదాకా 3 - 4 వారాలకోసారి మళ్లీ వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాను అడ్డుకుంటుంది, అది ఎప్పుడు తగ్గుతుందో తెలియదు కాబట్టే ఇన్ని డోసులు. రేబిస్ టీకా మూడో నెలలో.

మీ కుక్కే అయినా సరే, కరిస్తే కారం, సున్నం, కాఫీపొడి అద్దకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 సూదుల రోజులు పోయాయి. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో భుజాలకు వేస్తారు. రక్తం వచ్చిన గాటైతే గాయంలో ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల సూది) కూడా వేయాలి, మొదటి రోజే అడగండి.