మాటలు వినపడట్లేదని ఇంకో ఆంప్ కొనబోతున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల ఇళ్లలో హోం థియేటర్లు బిగించడం నా పని. ఫోన్లో నాకు ఎక్కువగా వినపడే మాట ఇదే: “అన్నా, పాటలు, ఫైట్లు దుమ్ము లేస్తున్నయ్. మాటలే సమజైతలేవు. ఇంకో ఆంప్ పెడ్తె సెట్ అయితదా?” ఆంప్ అంటే స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్ డబ్బా. అమ్మితే నాకు నాలుగు పైసలు మిగులుతాయి. అయినా ముందు వద్దనే అంటాను.

అపోహ: వాట్లు పెరిగితే మాట తేటపడుతుంది.

లెక్క చూద్దాం. టీవీ దగ్గర నడుమ ఉండి మాటలు పలికే సెంటర్ స్పీకర్ వివరాల్లో 88 డీబీ (డెసిబెల్స్) అని ఉందనుకోండి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ మోత వస్తుందని దానర్థం. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే, గోడల సాయం లెక్కలోకి తీసుకోకపోయినా, మీ చెవి దగ్గరికి 78 దాకా చేరుతుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఉండేదే 60 చిల్లర. అంటే తెర మీద మామూలు సంభాషణకు ఒక వాట్ కూడా పూర్తిగా ఖర్చు కాదు. ఇక 100 వాట్లను 200 చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. డబ్బా మీద 5000 వాట్స్ పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వేసే అంకె సంగతి వదిలేయండి, అది స్టిక్కర్‌కే పరిమితం.

అసలు మాట ఎక్కడ పోతుంది? పాట, బాట, మాట, తాట అని నాలుగూ పలికి చూడండి. అచ్చులన్నీ ఒకటే, తేడా అంతా మొదటి హల్లులో ఉంది. అచ్చుల్లో బలం ఎక్కువ, గది నిండా మోగుతాయి. స, శ, త, ట, చ లాంటివి సన్నటి చప్పుళ్లు. వాటి పదును ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది. గది ప్రతిధ్వనిలో అవి మునిగిపోతే పదం పోయినట్టే. మీరు వాల్యూమ్ పెంచితే హల్లుతో పాటు ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది.

అపోహ: “మా దోస్త్ ఇంట్ల ఆంప్ పెట్టంగనే తేడా తెలిసింది.”

తెలుస్తుంది, కాదనను. ఒక్కో ఆంప్ గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే పాళ్లు, ఒక్కోలా ఉంటుంది. కొత్తది అదే సిగ్నల్‌ను రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువ చేసి పంపితే, ఆ పెరుగుదలనే చెవి ‘తేట’ అనుకుంటుంది. రిసీవర్ (శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే డబ్బా, దాని లోపలా ఆంప్ ఉంటుంది) మెనూలో సెంటర్ లెవల్ ప్లస్ 3 చేసి చూడండి. అదే తేడా ఫుకట్‌గా వస్తుంది. షాపులో డెమో చూసేటప్పుడు రెండింటి మోతనూ శబ్దం కొలిచే మీటర్‌తో సమానం చేయించి వినండి. అప్పటికీ తేడా ఉంటే కొనండి.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నా. పని మొదలుపెట్టిన కొత్తలో జనగామ వైపు ఒక సారు ఇంట్లో మాటలు సరిగా రావట్లేదంటే ఆంప్ అంటగట్టాను. రెండు రోజులకు ఫోన్, “మళ్ల అట్లనే ఉంది తమ్మీ” అని. వెళ్లి చూస్తే సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ అరలో జానెడు లోపలికి ఉంది. ముందు కొండపల్లి బొమ్మలు, పక్కన సగం మూసిన అద్దం తలుపు. మొదటిసారి వచ్చినప్పుడు నేను దాని వంక చూడనే లేదు. బొమ్మలు తీసేసి, స్పీకర్ మూతి అర అంచు దాటి వేలెడు బయటికి వచ్చేలా జరిపాను. అర మోకాలి ఎత్తులో ఉంది కాబట్టి, పాత హవాయి చెప్పు ముక్కలు రెండు కోసి ముందు వైపు అడుగున పెట్టి, మూతిని చెవుల వైపు ఎత్తాను. వెనక కుర్చీలోంచి సారు వాళ్లమ్మ, “గిప్పుడు మంచిగ ఇనవడ్తుంది బిడ్డా” అంది. ఆంప్ వాపస్ తెచ్చుకుని పైసలు తిరిగిచ్చేశా. షాపులో డెమోకి ఇప్పటికీ అదే వాడుతున్నా.

అపోహ: గదితో ఏం పని, సామాను మంచిదైతే చాలు.

మన దగ్గర కొత్త ఇల్లంటే కింద గ్రానైట్, పైన పీవోపీ, నాలుగు వైపులా బోడి గోడలు. కరీంనగర్ రాయి చూడ్డానికి ఎంత బాగుంటుందో, శబ్దాన్ని అంత గట్టిగా తిప్పికొడుతుంది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. ‘టింగ్’ మని తోక వినపడితే మీ జబ్బు అదే. స్పీకర్లకూ సోఫాకూ నడుమ కొత్తవాడ దర్రీ ఒకటి పరవండి. 2018లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలే, మన ఇళ్లలో జంపఖానా అంటాం. అయితే ఒట్టి దర్రీ పల్చన, పైపై సన్నటి కీచునే పీలుస్తుంది. కింద పాత బొంత ఒకటి వేస్తే పని జరుగుతుంది. కిటికీలకు మందపాటి పరదాలు వేసి, సోఫాను వెనక గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు జరపండి. గోడలకు కోడిగుడ్ల ట్రేలు మాత్రం అంటించకండి. మాటకు ఒరిగేదేమీ ఉండదు, నిప్పు తగిలితే ఇల్లు కాలుతుంది.

ఎండాకాలం ఫిర్యాదులకు ఒక మందు: కూలర్ బంద్ చేసి ఒకసారి వినండి.

అపోహ: సెంటర్ స్పీకర్ ఉంది కాబట్టి మాట అందులోంచే వస్తోంది.

దానికి చెవి ఆనించి చూడండి. టీవీ సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం అనే సెట్టింగ్ మీద ఉంటే చాలా టీవీలు 5.1ని (అయిదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడి చానళ్లుగా వచ్చే శబ్దం) రెండు చానళ్లకు కుదించి పంపుతాయి. రిసీవర్ కూడా స్టీరియో మోడ్‌లో ఉంటే సెంటర్ మూగదే. టీవీలో పాస్‌త్రూ (శబ్దాన్ని మార్చకుండా పంపేది) గానీ ఆటో గానీ పెట్టి, యాప్‌లో 5.1 ఆడియో ఎంచుకోండి. స్టీరియోలోనే వింటుంటే ఎడమ, కుడి వైర్లు కూడా చూడండి. ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే నడుమ నిలవాల్సిన గొంతు డొల్లగా గదంతా చెదిరిపోతుంది. రాత్రిళ్లు బాంబులకు తగ్గించి, మాటలకు పెంచి విసిగిపోతున్నారా? నైట్ మోడ్ ఉన్నది అందుకే.

మరి ఆంప్ అక్కరకొచ్చేది ఎక్కడ?

అలాంటి చోటూ ఉంది. సినిమా హాలు ప్రమాణంలో సగటు 85 డెసిబెల్స్ అయితే, ఒక్కో చానల్‌లో ఉరుములూ పేలుళ్లూ 105 దాకా ఎగరాలి. ఆ 20 డెసిబెల్స్ ఎగరడానికి వంద రెట్ల పవర్ కావాలి. హాలు పెద్దదై, స్పీకర్లు 84, 85 డీబీవై, పైగా 4 ఓమ్స్ (ఎక్కువ కరెంట్ లాగేవి) అయితే రిసీవర్ చెమటలు కక్కుతుంది. డబ్బా మీది వాట్లు చాలాసార్లు రెండు చానళ్లు మాత్రమే నడిపించి కొలిచినవి, అయిదూ ఒకేసారి లాగితే అన్ని రావు. అప్పుడు పోరాట దృశ్యంలో గొంతు గీరుకుపోతుంది, లేదా రిసీవర్ వేడెక్కి ప్రొటెక్షన్‌లో పడి ఆగిపోతుంది.

పరీక్ష తేలిక. ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీన్ పెట్టండి. అక్కడా మాట అర్థం కాకపోతే తప్పు పవర్‌ది కాదు. గట్టి సీన్లలో మాత్రమే చెడితే అప్పుడు నాకు ఫోన్ చేయండి.

కొనే ముందు రిసీవర్ వెనక ప్రీ-అవుట్ సాకెట్లు (బయటి ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చేవి) ఉన్నాయో లేదో చూడండి. చవక మోడళ్లలో చాలావాటికి ఉండవు. ఉంటే ఎడమ, సెంటర్, కుడి మూడింటినీ బయటి ఆంప్ మీదికి మార్చి, మైకుతో కాలిబ్రేషన్ (స్పీకర్ల మోత సరిచూసుకోవడం) మళ్లీ చేయాలి. పెట్టాక ‘గుయ్’ మని హమ్ వస్తే రిసీవర్‌నూ ఆంప్‌నూ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. పోకపోతే కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి. ఎవరైనా ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తే సరిపోతుందంటే మాత్రం ఆ మనిషిని వైర్ల దగ్గరికి రానియ్యకండి.