“మన మతమే కదా” అనుకుంటే మార్కులు రావు: జీసీఎస్ఈ రెలిజియస్ స్టడీస్‌పై అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు నుంచి ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడిన ఇళ్లల్లో పిల్లలు ఇయర్ టెన్‌కు, అంటే పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ బోర్డు పరీక్షలకు సిద్ధమయ్యే తరగతికి, రాగానే ఒక మాట మొదలవుతుంది. “రెలిజియస్ స్టడీస్‌లో (మతాల గురించి చదివే సబ్జెక్టు) హిందూయిజం ఉంది కదండీ, మావాడికి అది పుట్టుకతో వచ్చిందే. మ్యాథ్స్ మీద కూర్చోమన్నాం” అని అక్కడి అమ్మానాన్నలంటారు. “మనవడికి విష్ణు సహస్రనామం సగం నోటికొచ్చు, ఇంక భయమేముంది” అని ఇక్కడి అమ్మమ్మ ధీమా. తీరా బడిలో పెట్టే మాక్ (నమూనా) పరీక్షలో తొమ్మిదికి గ్రేడ్ 4 వస్తే ఇల్లంతా బిత్తరపోతుంది. ఆ పిల్లాడి భక్తిలో లోపమేమీ లేదు. ఎవరూ వాడికి జవాబు రాయడం నేర్పలేదు, అంతే.

ఇక్కడ చెప్పే మార్కుల లెక్క ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు స్పెసిఫికేషన్ (సిలబస్) ఏ, అంటే 8062 కోడ్‌ది. మీ బడిలో ఎడెక్సెల్, ఓసీఆర్, ఎడ్యుకాస్ లాంటి వేరే బోర్డు ఉంటే ప్రశ్నల తీరు వేరు. కోడ్ తెలుసుకోకుండా పాత పేపర్లు డౌన్‌లోడ్ చేయకండి.

అపోహ: ఇంట్లో పూజ చేసే పిల్లలకు హిందూయిజం పేపర్ తేలిక.

వాస్తవం: మీ ఇంట్లో ఏం చేస్తారో ఈ పేపర్ అడగదు. హిందువులు ఆ పని ఎందుకు చేస్తారు, దాని వెనకున్న నమ్మకమేంటి, ఏ గ్రంథం చెప్పింది, దాన్నే ఇంకో హిందువు వేరేగా ఎలా చూస్తాడు, ఆ వాదనలో బలమెంత అని అడుగుతుంది. మొత్తం మార్కుల్లో సగం తెలిసింది చెప్పినందుకు, సగం దాన్ని తూచి తీర్పు చెప్పినందుకు. ఒక్కో విభాగానికి 24 మార్కులు, వరసగా 1, 2, 4, 5, 12 మార్కుల ప్రశ్నలు. అంటే 12 మార్కుల ప్రశ్న రాయడం రాకపోతే పేపర్‌లో సగం పోయినట్టే.

ముందు 4 మార్కుల ప్రశ్న చూడండి. తీర్థయాత్ర హిందువుల జీవితాన్ని ప్రభావితం చేసే రెండు విధాలు వివరించమంటారు. మన పిల్లలు “మేము ప్రతి ఏడాదీ తిరుమల వెళ్తాం, అలిపిరి నుంచి నడుస్తాం, గుండు కొట్టించుకుంటాం, లడ్డూ తెచ్చుకుంటాం” అని రాసేస్తారు. అన్నీ నిజాలే, కానీ అందులో ప్రభావం ఏదీ? రెండు విధాలు కావాలి. ఒక్కో విధానికి ఒక పాయింటు, దాని విస్తరణ ఒకటి ఉండాలి. మొక్కు తీర్చుకోవడానికి తలనీలాలిస్తారన్నది పాయింటు. అలా ఇవ్వడం వల్ల అహంకారం వదులుకుని దేవుడి ముందు వినయంగా నిలబడటం అలవడుతుందన్నది విస్తరణ. గర్భగుడి ముందు దర్శనం చేసుకుంటారన్నది రెండో పాయింటు. దేవుడి చూపు తమ మీద పడిందన్న నమ్మకంతో ఇంటికెళ్లాక రోజూ చేసే పూజ మీద మరింత శ్రద్ధ కుదురుతుందన్నది దాని విస్తరణ. రెండూ రెండూ నాలుగు. రెండో వాక్యాన్ని “అందువల్ల” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో మొదలుపెట్టించండి, విస్తరణ దానంతట అదే వస్తుంది.

5 మార్కుల ప్రశ్నా ఇంతే, కాకపోతే గ్రంథం ఆధారానికి ఒక మార్కు విడిగా ఉంటుంది. అధ్యాయం, శ్లోకం నంబరు రాయక్కర్లేదు. ఫలానా గ్రంథం ఫలానా మాట చెప్పిందని రాసి, ఆ మాటను జవాబుకు ముడిపెడితే చాలు. సంస్కృత శ్లోకం మొత్తం ఇంగ్లీషు లిపిలో రాసి మూడు నిమిషాలు పోగొట్టుకునే పిల్లలున్నారు. అర్థం రాయకుండా శ్లోకమొక్కటే రాస్తే ఫలితం లేదు. ఇవి గట్టిగా పట్టుకుంటే చాలా ప్రశ్నలకు సరిపోతాయి: పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ దేహాలు మారుస్తుందన్న గీత 2.22, ఫలం మీద ఆశ లేకుండా కర్మ చేయమన్న 2.47, ధర్మం కుంగినప్పుడల్లా అవతరిస్తానన్న 4.7-8, భక్తితో ఆకో పువ్వో పండో నీళ్లో ఇచ్చినా స్వీకరిస్తానన్న 9.26, సత్యం ఒక్కటే, జ్ఞానులు దాన్ని పలు పేర్లతో పిలుస్తారన్న రుగ్వేదం 1.164.46, “తత్త్వమసి” అన్న ఛాందోగ్యం.

ఇక 12 మార్కులు. “హిందువులకు తీర్థయాత్ర కంటే ఇంట్లో పూజే ముఖ్యం” అని ఒక వాక్యమిచ్చి చర్చించమంటారు. మన పిల్లలు దాన్ని సమర్థిస్తూనో ఖండిస్తూనో రెండు పేజీలు నింపుతారు. ఎంత బాగా రాసినా ఒకవైపే రాస్తే 6 దాటదు. మతం ప్రస్తావనే లేకపోయినా అంతే, 6 దగ్గరే ఆగిపోతుంది. 10 నుంచి 12 కావాలంటే రెండు వైపులా వాదించాలి, ప్రతి వాదనకూ ఆధారం చూపాలి, చివర తీర్పు చెప్పాలి.

ఎలాగంటే, ఇంటి పూజ వైపు: రోజూ చేయొచ్చు, వయసు మళ్లినవాళ్లకూ చేతిలో డబ్బు లేనివాళ్లకూ వీలవుతుంది, గీత 9.26 చెప్పినట్టు దేవుడికి కావాల్సింది భక్తే. తీర్థయాత్ర వైపు: కాశీలో గంగాస్నానం పాపాలు కడుగుతుందన్న నమ్మకం, కుంభమేళాలో సాధువుల సాంగత్యం, కష్టపడి కొండెక్కడంలో ఉన్న త్యాగం. వీటికి తోడు మూడో చూపు ఒకటి రాస్తే జవాబు బరువెక్కుతుంది: జ్ఞానమార్గంలో నడిచేవాడు బ్రహ్మం తనలోనే ఉందంటాడు కాబట్టి అతనికి ఈ రెండూ సాధనాలే, గమ్యం మోక్షం. తర్వాత తీర్పు. “ఇద్దరూ చెప్పింది నిజమే” అనడం తీర్పు కాదు, పైన రాసిందే మళ్లీ రాయడం అంతకన్నా కాదు. ఏ వాదన ఎందుకు బలమైందో చెప్పాలి. ఉదాహరణకు, తీర్థయాత్ర జీవితంలో కొద్దిసార్లే కుదురుతుంది, మనసును మార్చేది రోజూ చేసే అభ్యాసం, కాబట్టి మొదటి వాదనే బలమైంది అని.

“ఇంకో హిందువు” అనేసరికి చాలామంది పిల్లలు తెల్లముఖం వేస్తారు. తమ ఇంటి ఆచారమే హిందూ మతమంతా అని పెరిగారు మరి. ఇక్కడే తాతయ్యలు, అమ్మమ్మలు ఎంతో సాయం చేయగలరు. ఆగస్టు సెలవుల్లో పిల్లలు వచ్చినప్పుడు తిరుమల ఒక్కటే చూపించి పంపకండి. శ్రీకాళహస్తికి తీసుకెళ్లి శైవం చూపించండి. తిరుచానూరులో అమ్మవారిని చూపించి దేవీ ఆరాధన గురించి చెప్పండి. తాతయ్యగుంట గంగమ్మ గుడికి తీసుకెళ్లి గ్రామదేవత అంటే ఏంటో చెప్పండి, జాతరలో వేషాలు ఎందుకు కడతారో చెప్పండి. దేవుణ్ని రూపంతో కొలిచేవాళ్లు, రూపం లేని బ్రహ్మాన్ని ధ్యానించేవాళ్లు ఇద్దరూ హిందువులేనని ఆ వయసులో తెలిస్తే సగుణ, నిర్గుణ బ్రహ్మం పాఠం ఇట్టే ఎక్కుతుంది.

అపోహ: హిందూయిజం ఒక్కటి చదివితే చాలు, క్రైస్తవం మనకెందుకు?

వాస్తవం: రెండు మతాలు చదవడం తప్పనిసరి. ఏవి రెండు అన్నది బడి నిర్ణయిస్తుంది, హిందూయిజం చెప్పని బళ్లే ఎక్కువ. పేపర్ 1 ఆ మతాల నమ్మకాలు, ఆచారాల మీద; పేపర్ 2 నైతిక, సామాజిక అంశాల మీద, వాటినే థీమ్‌లంటారు. ఈ పేపర్ 2లో ఇంకో మెలిక ఉంది. గర్భస్రావం, మరణశిక్ష, యుద్ధంలో హింస లాంటి కొన్ని అంశాల మీద 4 మార్కుల ప్రశ్నలో బ్రిటన్ ప్రధాన మత సంప్రదాయమైన క్రైస్తవాన్ని ప్రస్తావించి తీరాలి. పిల్లాడు హిందూ దృక్పథం ఒక్కటే ఎంత చక్కగా రాసినా అక్కడ పూర్తి మార్కులు రావు. పిల్లలు మారిపోతారేమో అని లోపల్లోపల భయపడే పెద్దవాళ్ల బాధ అర్థమవుతుంది. పరీక్షకు కావాల్సింది “క్రైస్తవుల నమ్మకం ఇది, ఎందుకంటే ఇది” అని రాయడం వరకే. ఏ మతాన్నీ నమ్మమని అడగరు. సొంత విశ్వాసానికి మార్కులుండవు, అది ఏదైనా తగ్గించరు కూడా. దిద్దేవాళ్ల మతమేంటో అన్న బెంగ అస్సలు వద్దు.

అపోహ: ఈ సబ్జెక్టుకు విలువ లేదు.

వాస్తవం: గ్రేడ్లు మిగతా జీసీఎస్ఈల్లాగే 9 నుంచి 1 వరకే, ఫుల్ కోర్సు ఒక పూర్తి జీసీఎస్ఈ. ఇంగ్లీష్ బ్యాకలారియేట్ అనే సబ్జెక్టుల జాబితాలో హ్యుమానిటీస్ కింద చరిత్ర, భూగోళం మాత్రమే ఉండటం చూసి ఈ పుకారు పుట్టింది. ఆ జాబితా పెట్టింది బళ్ల పనితీరు లెక్కకు, మీ పిల్లాడి సర్టిఫికెట్‌కు దానితో పనిలేదు.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన “ఈసారి ఇవే వస్తాయి” జాబితా చదివితే గట్టెక్కొచ్చు.

వాస్తవం: అది పంపినవాళ్లకు పేపర్ గురించి మీకు తెలిసినంతే తెలుసు. సిలబస్‌లో ఉన్నదేదైనా అడగొచ్చు. డిలీట్ చేయండి.

అపోహ: ఎంత ఎక్కువ రాస్తే అన్ని మార్కులు.

వాస్తవం: ఒక్కో పేపర్‌కు 105 నిమిషాలు, 24 మార్కుల విభాగాలు నాలుగు. అంటే విభాగానికి 26 నిమిషాలు వస్తాయి. అందులో 12 మార్కుల ప్రశ్నకు 13 నిమిషాలు, 5 మార్కులకు ఐదారు, 4 మార్కులకు నాలుగు, మిగతా రెండింటికీ కలిపి మూడు కేటాయించాలి. 2 మార్కుల ప్రశ్నకు పేరా రాసే అలవాటును జనవరిలోపే మాన్పించండి, లేకపోతే చివరి 12 మార్కుల ప్రశ్న సగంలో ఉండగానే గంట కొడతారు. స్పెల్లింగ్, వ్యాకరణానికి మార్కులు విడిగా ఉంటాయి కాబట్టి చివర ఒక నిమిషం సరిచూసుకోవడానికి ఉంచుకోవాలి.

పేపర్ 2కు వెళ్లేముందు రాత్రి ఒక్క విషయం చూడండి. ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు థీమ్‌లూ ఒకే ప్రశ్నపత్రంలో ఉంటాయి, రాయాల్సింది నాలుగే. కంగారులో చదవని థీమ్‌కు జవాబు మొదలుపెట్టే పిల్లలుంటారు. బడిలో చెప్పిన నాలుగు థీమ్‌ల పేర్లు, అక్షరాలు పిల్లాడి చేత పైకి చెప్పించుకుని పడుకోబెట్టండి.