భుజాల దగ్గర మొదలైన సంగతి

బరంపురం నుంచి ఒకావిడ రాశారు. పెళ్లయి మూడేళ్లు. కలయిక అంటేనే నొప్పి. "నేనంటే ఇష్టం లేకే ఇలా" అని భర్త అలక. శోభనం నాడు మేనత్త చెవిలో చెప్పిన మాట ఆవిడకింకా గుర్తే: "పళ్లు బిగబట్టుకోవే, అందరం పడ్డదే."

బిగబట్టిన ఒళ్లు పళ్ల దగ్గరే ఆగదు మరి. కటి అడుగున ఉయ్యాల కట్టినట్టు కండరాల పొర ఒకటుంటుంది, యోని దాని మధ్యగా పోతుంది. వాన్ డెర్ వెల్డె బృందం 2001లో ప్రచురించిన ప్రయోగంలో స్త్రీలకు సినిమా ముక్కలు చూపిస్తూ ఆ కండరాల విద్యుత్తును కొలిచారు. భయపెట్టే దృశ్యం రాగానే బిగుసుకున్నాయి. అందులో శృంగారం ఉండక్కర్లేదు, ఉత్త భయం చాలు. ఈ బాధ ఉన్నవాళ్లకీ అంతే, లేనివాళ్లకీ అంతే. నన్ను కుర్చీలోంచి లేపిన సంగతేమిటంటే, భుజం పైకండరం కూడా బిగిసింది! ఇక ఇందులో మొగుడంటే ఇష్టాయిష్టాల ప్రసక్తి ఎక్కడ? కుక్క మొరిగితే ముడుచుకోమా, అదే ఇది.

బరంపురం వాళ్లకి పట్టుమగ్గం గురించి నేను చెప్పాలా? పోగు చిక్కుపడితే లాగకూడదు. లాగితే ముడి రాయవుతుంది. "నొప్పి పుడుతుంది" అన్న నమ్మకం మొదటి లాగు. కండరం బిగుస్తుంది, భయానికి కోరిక చల్లారి తడి తగ్గుతుంది, రాపిడి పెరిగి నిజంగానే నొప్పి పుడుతుంది. నమ్మకానికి సాక్ష్యం దొరికింది! మర్నాడు గది తలుపు చప్పుడుకే ఒళ్లు బిగుస్తుంది. భర్త అలక రెండో లాగు, "ఓర్చుకో" అన్నది మూడోది.

దుప్పటి మీద రక్తం చూసే పెద్దలంటే నాకు ఒళ్లు మంట. కన్నెపొర అందరికీ ఒకేలా ఉండదు, మొదటిసారి రక్తం రాని వాళ్లు బోలెడు మంది. బళ్లో పునరుత్పత్తి పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేస్తే మిగతాది మేనత్తలే చెబుతారు.

జాతకాలు కలిశాయి, పడక అదే కుదురుతుందనుకోవడం ఇంకో చిక్కు. పరిశోధకురాలు జెస్సికా మాక్స్‌వెల్ బృందం 2017లో చూపించిందిదే: తృప్తి ప్రయత్నంతో పెరుగుతుందని నమ్మినవాళ్ల బంధం మెరుగ్గా ఉంది. రాసిపెట్టి ఉండాలనుకునేవాళ్లకి పడకలో తేడా వస్తే బంధం మీదే అనుమానం.

ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటివి ఉన్నాయేమో ముందు స్త్రీవైద్యురాలికి చూపించుకోమన్నాను. ఆ తర్వాత కటి కండరాల ఫిజియోథెరపీ. అందాకా కలయిక ప్రయత్నం మానేయమని భర్తకీ చెప్పమన్నాను. ఇంకో చిన్న పని: రాత్రి ఆయన గదిలోకి రాగానే మీ భుజాలెక్కడున్నాయో చూసుకోండి.

రెండు వారాలకి జవాబొచ్చింది. "చెవుల దాకా ఉన్నాయండీ. ఆయనకీ చూపించాను."