రాగిమాల్టు నుంచి బీరు దాకా

అనంతపురం జిల్లాలో బిడ్డకు ఆరు నెలలు నిండాయంటే చాలా ఇళ్లలో రాగిమాల్టు పని మొదలవుతుంది. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు. బీరు తయారీలో మొదటి సగం దాదాపు ఇదే, ధాన్యం మాత్రం బార్లీ.

మొలకెత్తించడం దేనికంటే, బీరును పులియబెట్టే ఈస్ట్ పిండిపదార్థాన్ని నేరుగా తినలేదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైములు పుడతాయి. అవి పిండిని చిన్న చిన్న చక్కెరలుగా విడగొడతాయి. నలగ్గొట్టిన మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్ని, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే నీళ్లు తియ్యగా మారతాయి. వేడి మరీ ఎక్కువైతే ఎంజైములు పాడవుతాయి. మొలకల్ని మాడేలా వేయిస్తే జావ గడ్డకట్టేది కూడా అందుకే. ఆ తీపి నీళ్లను బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే తీగ పూలతో మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. 1516లో ఇప్పటి జర్మనీలోని బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదన్నారు. చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్ట్ పేరే అందులో లేదు, పాపం! అదొక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు.

మరి ఆర్గానిక్ బీరు? ఆ ముద్ర పొలం గురించి, అంటే పంటను రసాయనాలు లేకుండా పండించారని చెబుతుంది. సీసాలో ఉండే ఆల్కహాలు మామూలు ఇథనాలే, కాలేయానికి రెండూ ఒకటే. "ఆర్గానిక్ కదా, ఏం కాదులే" అంటే నమ్మొద్దు.

జర్మనీలోని మ్యున్‌స్టర్‌లో పింకుస్ ముల్లర్ అనే చిన్న కుటుంబ బ్రూవరీ 1980 ప్రాంతంలోనే ఈ దారి పట్టింది. బార్లీ కంటే హాప్స్‌తోనే అసలు టెన్షన్. ఈ తీగకు బూజుతెగులు, పేనుబంక ఎక్కువ. అందుకే అమెరికాలో 2012 చివరిదాకా మామూలు హాప్స్ వేసినా ఆర్గానిక్ ముద్రకు ఒప్పుకున్నారు.

అనంతపురంలో హాప్స్ పండించడం కష్టం. బాగా పూయాలంటే వేసవిలో 15 గంటల పగలు కావాలి. ఇక్కడ ఎంత నడి వేసవిలోనైనా 13 గంటలే. ధాన్యానికి మాత్రం కొదవలేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ రైతులు రసాయనాలు వాడకుండా చిరుధాన్యాలు పండిస్తున్నారు. జొన్నతో ఒక చిక్కుంది. దాని పిండి ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, ఆ వేడికి ఎంజైములు నిలవవు. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతి ఆపేసినప్పుడు, అక్కడి బ్రూవరీలు బయటి ఎంజైములు కలుపుకుని జొన్నతో నెట్టుకొచ్చాయి. రాగి ఈ విషయంలో జొన్న కంటే మెరుగు. ఉగాండా పల్లెల్లో రాగులతో బీరు చేసేవాళ్లు ఎంజైములు కొనరు, రాగి మొలకలతోనే సరిపెట్టుకుంటారు.