సెలైన్ చుక్కల లెక్క

చిరంజీవి మనవరాలికి, హాస్టల్లో నీతోపాటు నర్సింగ్ చదువుతున్న పిల్లలందరికీ ఆశీస్సులు.

సెలైన్ చుక్కల లెక్క తికమకపెడుతోందని రాశావు. మీరందరూ కలిసి చదువుకుంటారని వివరంగానే రాస్తున్నాను.

డాక్టరు గారు కేస్ షీటులో ‘ఎన్ ఎస్ 500 మి.లీ., 4 గంటల్లో’ అని రాస్తారు (ఎన్ ఎస్ అంటే నార్మల్ సెలైన్). నిమిషానికి ఎన్ని చుక్కలో తేల్చుకోవలసింది మనమే, ఎందుకంటే చుక్క పరిమాణం సెట్టును, అంటే బాటిల్ నుంచి రోగికి సెలైన్ ఎక్కించే గొట్టాన్ని బట్టి మారుతుంది. పెద్దలకు వాడే మామూలు సెట్టులో ఎక్కువగా 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. మైక్రో సెట్టులో 60 చుక్కలు పడితేగాని ఒక మిల్లీలీటరు కాదు. 10, 15 చుక్కల సెట్లు కూడా ఉన్నాయి. అందుకే లెక్క మొదలుపెట్టే ముందే సెట్టు కవరు మీద అచ్చయిన సంఖ్య చదవండి. చదవకుండా కవరు పారేయకండి.

ఇప్పుడు 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. సూత్రం ఇంతే. కానీ దాన్ని బట్టీ పట్టి వదిలేయకండి. అదే లెక్కను గంటల్లో చేసి చూడండి: గంటకు 125 మి.లీ. దాన్ని 3తో భాగించినా 42 చుక్కలే వస్తాయి. గంటలోని 60 నిమిషాలను సెట్టులోని 20 చుక్కలతో భాగిస్తే 3 వస్తుంది కదా, ఆ 3 అదే. 15 చుక్కల సెట్టయితే 4తో, 10 చుక్కల సెట్టయితే 6తో భాగించాలి. మైక్రో సెట్టుకు భాగహారమే అక్కర్లేదు: గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. ఇలా రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తేనే గొట్టం మీద వేగం సరిచేసే చక్రం, అదే రోలరు, తిప్పండి.

సెట్టు విషయంలో ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను. 12 కిలోల పిల్లవాడికి రోజువారీ అవసరం కోసం సెలైన్ పెట్టారనుకోండి. గంటకు లెక్కేస్తే మొదటి పది కిలోలకు కిలోకు 4 మి.లీ., ఆ పైన రెండు కిలోలకు కిలోకు 2 మి.లీ., మొత్తం గంటకు 44 మి.లీ. మైక్రో సెట్టులో నిమిషానికి 44 చుక్కలు. ఆ 44 చుక్కలనే మామూలు సెట్టులో వదిలితే గంటకు 132 మి.లీ. ఆ పసివాడి ఒంట్లోకి పోతుంది! లెక్క తప్పలేదు, చుక్కలూ సరిగ్గానే పడుతున్నాయి, ద్రవం మాత్రం మూడింతలు. పక్కనున్న తల్లికి అది తెలిసే దారి లేదు. మీరే చూడాలి.

చుక్కలు లెక్కపెట్టేటప్పుడు చుక్కలు పడేది కనిపించే డ్రిప్ ఛాంబర్ పక్కన గడియారం పట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను నిమిషాలకు మళ్లీ రండి. రోగి మోచెయ్యి మడిచినా, మంచం ఎత్తు మార్చినా వేగం మారిపోతుంది. బాటిల్‌కు పొడవునా తెల్ల ప్లాస్టరు అంటించి, ఏ గంటకు ఎంతవరకు దిగాలో గీతలు పెట్టే అలవాటు మంచిది. డ్యూటీ మారినప్పుడు వచ్చినవాళ్లకు ఒక్క చూపులో అర్థమవుతుంది.

సెలైన్ వెనకబడితే వేగం పెంచి సరిచేద్దామనిపిస్తుంది. మీ అంతట మీరు ఆ పని చేయకండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు ఒక్కసారిగా ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఎంత మిగిలిందో డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన వేగమే పెట్టండి. పొటాషియం కలిపిన బాటిల్ అయితే మరీ జాగ్రత్త, వేగం పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

సెలైన్‌ను పెట్టిన వేగంతో తానే ఎక్కించే యంత్రం, ఇన్‌ఫ్యూజన్ పంపు, ఉన్నచోట గంటకు మిల్లీలీటర్ల సంఖ్య ఇస్తే చాలు. అక్కడ దశాంశ బిందువు మీద కన్నుంచండి. 12.5 బదులు 125 నొక్కితే పంపు నోరు మెదపకుండా అదే ఎక్కిస్తుంది.

ఇదిగో ఒక లెక్క: బాటిల్‌లో 350 మి.లీ. ఉంది, 5 గంటల్లో పూర్తి కావాలి, 20 చుక్కల సెట్టు. రెండు దారుల్లోనూ చేసి, జవాబు వచ్చే ఉత్తరంలో రాయండి.

మీ అమ్మమ్మ